లాన్‌లో సర్వరు సంబంధం అప్పుడప్పుడు తెగిపోవడం

కార్యాలయంలోని కంప్యూటర్లకు, అదే భవనంలో ఉన్న సర్వరుకు మధ్య సంబంధం ఉన్నట్టుండి తెగిపోయి, కొంతసేపటికి ఎవరూ ఏమీ చేయకుండానే తిరిగి కలవడం లాన్ అని పిలువబడే స్థానిక నెట్‌వర్కులలో తరచుగా కనిపించే లోపం. నెట్‌వర్కు లోపాలలో దీనిని పట్టుకోవడం మిక్కిలి కష్టమైన పని. పూర్తిగా తెగిపోయిన కేబులు ఎప్పుడు పరీక్షించినా తెగిపోయే ఉంటుంది కనుక దానిని కనుగొనడానికి పది నిమిషాలు చాలు. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే కేబులు, పరీక్షించే మనిషి వచ్చే సరికి చక్కగా పనిచేస్తూ ఉంటుంది.

చిన్న కార్యాలయాలలో జమాఖర్చులు, సరుకు నిల్వలు, ఫీజు రసీదులు మొదలైనవన్నీ సర్వరులోని ఒకే ఫోల్డరులో ఉండి, అందరూ వాటినే తెరిచి పనిచేస్తూ ఉంటారు. అటువంటి చోట సంబంధం తెగడం వలన పోయేది సమయం ఒక్కటే కాదు. వ్రాస్తూ ఉన్న దస్త్రం సగంలో ఆగి పాడయ్యే ప్రమాదం కూడా ఉన్నది. అందువలన ఈ లోపాన్ని "మళ్ళీ వచ్చింది కదా" అని వదిలివేయడం మంచిది కాదు.

తెగినది ఏది?

వాడుకరులు "సర్వరు పోయింది" అనే ఒకే మాటతో చెప్పే ఫిర్యాదు వెనుక కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. మొదటిది, తీగ ద్వారా నడిచే లింకు నిజంగానే తెగిపోవడం. అప్పుడు కంప్యూటరు వెనుక కేబులు చేరేచోట వెలిగే చిన్న దీపం ఆరిపోతుంది. విండోస్‌లో కేబులు ఊడిపోయిందన్న సూచన వస్తుంది. రెండవది, లింకు ఉన్నప్పటికీ పాకెట్లు దారిలో పోవడం. మూడవది, పాకెట్లు సక్రమంగానే చేరుతున్నా సర్వరు పేరుకు సరియైన ఐపీ అడ్రసు దొరకకపోవడం. నాలుగవది, దారి అంతా బాగానే ఉండగా సర్వరే ఆ వాడుకరి సెషనును మూసివేయడం లేదా కొత్త సెషనును నిరాకరించడం. ఈ నాలుగింటికీ తెర మీద వచ్చే సందేశాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏది జరుగుతున్నదో తేల్చుకోకుండా కేబుళ్ళు మార్చడం మొదలుపెట్టి, వారం రోజులు వృథా చేసుకునే కార్యాలయాలు చాలా ఉంటాయి.

ఒకే నెట్‌వర్కు మీద ఒకరికి ఇబ్బంది కలిగి, పక్కవారికి ఏమీ తెలియకపోవడానికి కూడా కారణం ఉన్నది. చాలా ప్రోగ్రాములు టీసీపీ అనే నియమావళి ప్రకారం సమాచారాన్ని పంపుతాయి. పాకెట్టు పోయినచో టీసీపీ దానిని మరల పంపుతుంది. జవాబు రాకపోతే కొంత ఆగి మళ్ళీ, ఇంకొంత ఎక్కువసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. రెండు మూడు సెకన్ల అంతరాయం కలిగినా దస్త్రం చదువుకునేవానికి పేజీ ఆలస్యంగా వచ్చినట్లు అనిపిస్తుందే తప్ప లోపం కనిపించదు. సర్వరులోని దస్త్రాన్ని ఉదయం నుండి తెరిచి ఉంచి, అందులో నిరంతరం వ్రాసే అకౌంటింగ్ ప్రోగ్రాము మాత్రం అదే అంతరాయానికి ఆగిపోవచ్చు. కాబట్టి ఫిర్యాదు చేసేవారి కంప్యూటరే పాడైనదని అనుకోరాదు. ఆ లోపం అందరిదీ కావచ్చు, అది బయటపడే ప్రోగ్రాము ఆ ఒక్కరి దగ్గరే ఉండవచ్చు.

పూర్వపు నెట్‌వర్కులు

ఈథర్నెట్‌ను 1973లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించడం మొదలుపెట్టారు. మొదటి తరం నెట్‌వర్కులలో కంప్యూటర్లన్నీ ఒకే పొడవాటి కోయాక్సియల్ కేబులుకు తగిలించబడి ఉండేవి. ఆ కేబులు రెండు చివరలా 50 ఓముల టెర్మినేటరు అనే చిన్న మూత ఉండాలి. అది వదులైనా, మధ్యలో ఎవరైనా తమ కంప్యూటరును జరపబోయి కేబులును ఊడదీసినా, ఆ వరుసలోని కంప్యూటర్లన్నిటికీ సంబంధం పోయేది. 1990లో ప్రమాణంగా వెలువడిన 10 బేస్-టి పద్ధతిలో ప్రతి కంప్యూటరుకూ విడిగా ఒక కేబులు హబ్బు వరకు వస్తుంది. ఒక కేబులు పాడైతే ఒక కంప్యూటరుకే నష్టం. తరువాత హబ్బుల స్థానంలో స్విచ్‌లు వచ్చాయి. ఈ మార్పు వలన లోపాల సంఖ్య తగ్గినది గాని, మిగిలిన లోపాలు మరింత గుట్టుగా మారినవి. పాత కేబులు తెగితే కార్యాలయమంతా ఒకేసారి లేచి నిలబడేది.

వేళల పట్టిక

ఇటువంటి లోపాన్ని వెదకడంలో అన్నిటికంటే విలువైన పరికరం ఒక నోటు పుస్తకం. సంబంధం తెగిన ప్రతిసారీ తేదీ, గంట, నిమిషం, ఎవరి కంప్యూటరు, ఏ ప్రోగ్రాము, ఎంతసేపటికి తిరిగి వచ్చినది అనే వివరాలు వ్రాసి ఉంచినచో, పది పన్నెండు సంఘటనల తరువాత చాలా సందర్భాలలో ఒక క్రమం కనిపిస్తుంది. మధ్యాహ్న భోజన సమయంలో మాత్రమే తెగుతున్నదా, ఉదయం ఆలస్యంగా వచ్చిన ఉద్యోగికే జరుగుతున్నదా, సమావేశాలు ఉన్న రోజులలోనే వస్తున్నదా, కరెంటు పోయి వచ్చినప్పుడు వస్తున్నదా, వాడకుండా వదిలిన పావుగంటకు వస్తున్నదా అన్న ప్రశ్నలలో ఒక్కొక్కటి ఒక్కొక్క కారణాన్ని చూపుతుంది. ఏ క్రమమూ లేకపోవడం కూడా ఒక ఆధారమే. అది ఎక్కువగా వదులైన ప్లగ్గునో, ప్రాణం పోతున్న అడాప్టరునో సూచిస్తుంది.

జ్ఞాపకం మీద ఆధారపడడం ఇక్కడ పనికిరాదు. "రోజంతా తెగుతూనే ఉంటుంది" అని చెప్పినవారి పట్టికలో వారానికి నాలుగు సంఘటనలే ఉండవచ్చు. "ఎప్పుడో ఒకసారి" అన్నవారి కంప్యూటరు గంటకు ఒకసారి తెగుతూ ఉండవచ్చు. సర్వరు గడియారానికి, కంప్యూటర్ల గడియారాలకు తేడా లేకుండా ముందుగానే సరిచేసుకోవాలి. లేనిచో పుస్తకంలోని వేళలను సర్వరులో నమోదయ్యే ఘటనలతో పోల్చి చూడడం వీలుపడదు.

మనుషులు గమనించని సంఘటనలను నమోదు చేయడానికి పింగ్ అనే ప్రోగ్రాము ఉపయోగపడుతుంది. దీనిని 1983లో మైక్ మూస్ వ్రాశాడు. ఇది అవతలి కంప్యూటరుకు చిన్న పాకెట్టు పంపి జవాబు కోసం చూస్తుంది. ఇబ్బంది పడుతున్న కంప్యూటరు నుండి ఒకేసారి మూడు చోట్లకు పింగ్‌ను రోజంతా నడిపి, ఫలితాన్ని దస్త్రంలోనికి మళ్ళించడం మంచి పద్ధతి. ఒకటి సర్వరుకు, రెండవది రూటరుకు, మూడవది అదే స్విచ్‌కు తగిలించిన పక్క కంప్యూటరుకు. మూడింటి నుండీ ఒకే క్షణంలో జవాబు ఆగిపోయినచో లోపం తన కేబులులోనో, లాన్ కార్డులోనో, ఆ స్విచ్‌లోనో ఉన్నది. సర్వరు ఒక్కటే పలకకపోతే అటువైపు చూడాలి. మూడూ నిరాటంకంగా పలుకుతూ ఉండగా ప్రోగ్రాము మాత్రం ఆగిపోయినచో కేబుళ్ళ జోలికి పోనవసరం లేదు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. విండోస్‌లో పింగ్ సాధారణంగా పంపే సమాచారం 32 బైట్లు మాత్రమే. లోపమున్న కేబులు మీద కూడా అంత చిన్న పాకెట్లు చాలా వరకు సురక్షితంగా దాటిపోతాయి. 1472 బైట్ల సమాచారంతో పంపితే పాకెట్టు ఈథర్నెట్ గరిష్ఠ పరిమాణమైన 1500 బైట్లకు చేరుతుంది. చిన్న పాకెట్లకు అగపడని నష్టం అప్పుడు అగపడుతుంది. "పింగ్ బాగానే వస్తోంది" అన్న మాట విన్నప్పుడు ఎంత పరిమాణంతో అని అడగడం అవసరం.

లోపం వచ్చిన వెంటనే సర్వరును, స్విచ్‌ను ఆపి మళ్ళీ వేయడం అందరికీ ఉన్న అలవాటు. దానివలన పని సాగుతుంది గాని, సాక్ష్యం పోతుంది. ఆపడానికి ముందు ఒక్క నిమిషం వెచ్చించి, స్విచ్ దీపాలు ఎలా ఉన్నాయో, సర్వరు ఐపీ అడ్రసుతో నేరుగా తెరుచుకుంటున్నదో లేదో, తన కంప్యూటరు ఐపీ అడ్రసు ఎంతో వ్రాసుకున్నచో తరువాతి పని సగం తగ్గుతుంది. అలాగే ఒకేసారి కేబులు, పోర్టు, డ్రైవరు మూడింటినీ మార్చరాదు. బాగుపడినా దేనివలన బాగుపడినదో తెలియదు.

కేబుళ్ళు, ప్లగ్గులు

లాన్ కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలివేయబడి ఉంటాయి. ఒక జంటలోని రెండు తీగలు పరస్పరం మెలిపడి ఉండడం వలననే బయటి విద్యుత్ ప్రభావం వాటిమీద తక్కువగా ఉంటుంది. 100 మెగాబిట్ల ఈథర్నెట్ ప్లగ్గులోని 1, 2 పిన్నులను ఒక జంటగాను, 3, 6 పిన్నులను మరొక జంటగాను వాడుతుంది. ఈ సంగతి తెలియనివారు రంగులను వరుసగా 1-2, 3-4, 5-6, 7-8 అని పెట్టి క్రింపింగ్ చేస్తారు. అప్పుడు 3, 6 పిన్నులకు వేర్వేరు జంటలలోని తీగలు వచ్చి, మెలివేత ప్రయోజనం పోతుంది. విచిత్రమేమంటే చవకగా దొరికే కేబులు టెస్టరు దీనిని పట్టుకోలేదు. ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతాయి, ఎందుకంటే ప్రతి తీగా అవతలి చివర సరియైన పిన్నుకే చేరుతున్నది. కేబులు పొట్టిగా ఉంటే పనిచేస్తుంది; పొడవు పెరిగితే, వేగం పెరిగితే, పక్కన బరువైన మోటారు తిరిగితే తప్పులు వస్తాయి. చేతితో చేసిన కేబుళ్ళున్న కార్యాలయంలో పారదర్శకమైన ప్లగ్గులోనికి చూసి రంగుల వరుసను సరిచూడడం మొదట చేయవలసిన పని. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అనేది ఎక్కువగా వాడుకలో ఉన్న వరుస.

గిగాబిట్ ఈథర్నెట్‌కు నాలుగు జంటలూ కావాలి. ఒక తీగ నలిగి, తగిలీ తగలకుండా ఉన్నప్పుడు కొన్ని పరికరాలు వేగాన్ని 1000 నుండి 100 మెగాబిట్లకు తగ్గించుకొని పనిచేస్తాయి. వేగం మారే ప్రతిసారీ లింకు కొన్ని సెకన్లు పోయి వస్తుంది. 1000 ఉండవలసిన చోట 100 కనిపించినచో ఆ కేబులును అనుమానించాలి.

స్విచ్ నుండి కంప్యూటరు వరకు కేబులు మొత్తం పొడవు 100 మీటర్లు మించరాదు. రాగికి బదులుగా రాగిపూత పూసిన అల్యూమినియం తీగతో చేసిన చవక కేబుళ్ళు కూడా విపణిలో దొరుకుతాయి. వీటి నిరోధం ఎక్కువ, వంచితే త్వరగా విరుగుతాయి, ఈథర్నెట్ కేబుళ్ళ ప్రమాణాలు వీటిని అనుమతించవు. కుర్చీ చక్రాల కింద నలిగేవి, తలుపు సందులో నుండి పోయేవి, ఫాల్స్ సీలింగ్ పైన ఎలుకలు కొరికేవి ఏ కార్యాలయంలోనైనా ఉండేవే. ఎలుక కొరికిన కేబులు చాలాసార్లు పూర్తిగా తెగదు. పై తొడుగు పోయి రెండు తీగలు బయటపడతాయి, సీలింగ్ కదిలినప్పుడల్లా తగులుకుంటాయి. అనుమానం ఉన్న కేబులు స్థానంలో తాత్కాలికంగా నేల మీద మరొక కేబులు పరచి, రెండు మూడు రోజులు చూడడం గోడలు పగలగొట్టడం కంటే తెలివైన పని.

విద్యుత్తు

కరెంటు కోతలు అలవాటైన ఊళ్ళలో కంప్యూటర్లన్నిటికీ యూపీఎస్ ఉంటుంది. ఆ కంప్యూటర్లన్నిటినీ కలిపే చిన్న స్విచ్ మాత్రం గోడకున్న మామూలు సాకెట్టులో ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా స్విచ్ ఆరి వెలుగుతుంది. యూపీఎస్ మీద ఉన్న కంప్యూటర్లు ఆగవు కనుక కరెంటు పోయిన సంగతి పగటివేళ ఎవరికీ తెలియదు. వారికి తెలిసేది సర్వరు పోయిందని మాత్రమే. స్విచ్‌ను, రూటరును కూడా యూపీఎస్‌కు కలిపితే ఈ సమస్య తీరుతుంది. దీనిని గమనించడానికి సంవత్సరం పట్టిన చోట్లు ఉన్నాయంటే ఆశ్చర్యపోనవసరం లేదు.

స్విచ్‌కు విద్యుత్తునిచ్చే చిన్న అడాప్టరులో కెపాసిటర్లు ఉంటాయి. ఇవి ఏళ్ళ తరబడి వేడికి ఎండి, సరఫరాలోని ఒడిదుడుకులను ఆపలేని స్థితికి వస్తాయి. యూపీఎస్ కరెంటు నుండి బ్యాటరీకి మారే కొద్ది మిల్లీసెకన్ల వ్యవధిని కొత్త అడాప్టరు తట్టుకుంటుంది, పాతది తట్టుకోలేదు. 2000 దశకం తొలి సంవత్సరాలలో తయారైన ఎన్నో మదర్‌బోర్డులలో, విద్యుత్ పరికరాలలో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, కారిపోయి, లెక్కలేనన్ని కంప్యూటర్లు ఇలాగే అంతుపట్టకుండా ఆగిపోయేవి. స్విచ్ అడాప్టరును అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న మరొకదానితో మార్చి చూడడం తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష. వేసవిలో మధ్యాహ్నం మాత్రమే వచ్చే లోపానికి, మూసిన అలమరలో పెట్టిన స్విచ్ వేడెక్కడం కారణం కావచ్చు. తలుపు తీసి ఉంచడమే అక్కడ పరీక్ష, అదే మరమ్మతు కూడా.

స్విచ్‌లలో వచ్చే చిక్కులు

రెండు ఈథర్నెట్ పరికరాలు కలిసినప్పుడు వేగం ఎంత, ఇరువైపులా ఒకేసారి మాట్లాడవచ్చునా అనేది వాటంతట అవే ఒప్పందం చేసుకుంటాయి. ఒక చివర ఎవరో "100 మెగాబిట్లు, ఫుల్ డ్యూప్లెక్స్" అని స్థిరంగా అమర్చి, రెండవ చివరను దాని ఇష్టానికి వదిలినచో తంటా వస్తుంది. రెండవది వేగాన్ని గ్రహించగలదు గాని డ్యూప్లెక్స్‌ను గ్రహించలేదు; నియమం ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగుతుంది. అప్పటి నుండి ఒకరు ఎప్పుడైనా మాట్లాడతారు, మరొకరు అవతలివారు ఆగేదాకా మాట్లాడరు. పింగ్ చక్కగా వస్తుంది, చిన్న దస్త్రాలు తెరుచుకుంటాయి, పెద్ద దస్త్రం పంపబోతే నత్తనడక, ఆపై తెగిపోవడం. పని ఎక్కువగా ఉన్నప్పుడే వచ్చి, పరీక్షించేటప్పుడు మాయమయ్యే లోపాలలో ఇది పేరుపొందినది. రెండు చివరలనూ స్వయం ఒప్పందానికి వదిలివేయడమే దీనికి పరిష్కారం.

మరొకటి లూపు. ఒకే కేబులు రెండు చివరలనూ ఒకే స్విచ్‌కు, లేదా ఒకదానితో ఒకటి కలిసిన రెండు స్విచ్‌ల మధ్య రెండవసారి తగిలించినచో, అందరికీ ఉద్దేశించి పంపే బ్రాడ్‌కాస్టు పాకెట్లు ఆ వలయంలో తిరుగుతూనే ఉంటాయి. ఐపీ పాకెట్లకు ఉన్నట్లు ఈథర్నెట్ ఫ్రేములకు ఆయుష్షు లెక్క లేదు. కొద్ది సెకన్లలో నెట్‌వర్కు అంతా వాటితోనే నిండిపోతుంది. స్విచ్ మీది దీపాలన్నీ ఒకే తాళంతో ఆగకుండా మిణుకుమంటాయి. సమావేశపు గదిలో బల్ల మీద వేలాడే కేబులు కొసను చూసి, సర్దుదామని ఎవరో దానిని గోడలోని జాక్‌కు తగిలించడం వలన ఇది జరుగుతూ ఉంటుంది. వారు వెళ్ళేటప్పుడు ఊడదీసినచో నెట్‌వర్కు బాగవుతుంది. అందుకే ఇది సమావేశాల రోజులలో వచ్చే లోపంగా పట్టికలో కనిపిస్తుంది.

లూపులను కనిపెట్టి అదనపు దారిని మూసివేసే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ కనుగొన్నది. ఖరీదైన స్విచ్‌లలో ఇది ఉంటుంది, చవకవాటిలో చాలా వరకు ఉండదు. ఉన్నచోట మరో రకం ఇబ్బంది ఉన్నది. పాత పద్ధతిలో ఒక పోర్టుకు లింకు వచ్చిన తరువాత అది నిజంగా పనిచేయడానికి 30 సెకన్లు పడుతుంది. ఈలోగా కంప్యూటరు ఐపీ అడ్రసు కోసం అడిగి, జవాబు రాక, 169.254తో మొదలయ్యే అడ్రసును తనకు తానే పెట్టుకొనవచ్చు. కంప్యూటర్లు మాత్రమే తగిలే పోర్టులకు ఈ నిరీక్షణ లేకుండా అమర్చుకునే వీలు ఆ స్విచ్‌లలోనే ఉంటుంది.

అడ్రసుల గొడవలు

సర్వరుకు ఉన్న ఐపీ అడ్రసునే ప్రింటరుకో, కెమెరాల రికార్డరుకో, అతిథి ల్యాప్‌టాప్‌కో పొరపాటున ఇచ్చినచో కార్యాలయంలో సగం మందికి సర్వరు కనిపిస్తుంది, సగం మందికి కనిపించదు. ఐపీ అడ్రసుకు ఎదురుగా ఏ హార్డ్‌వేరు అడ్రసు ఉన్నదో ప్రతి కంప్యూటరూ ఏఆర్‌పీ అనే పట్టికలో కొద్దిసేపు గుర్తుంచుకుంటుంది. ఎవరి జవాబు నిలిచినదో దానినిబట్టి ఒక్కొక్కరి పట్టిక ఒక్కో విధంగా ఉంటుంది, కొన్ని నిమిషాలకు మారిపోతుంది. సర్వరు పనిచేస్తున్న కంప్యూటరులోను, పనిచేయని కంప్యూటరులోను ఈ పట్టికను చూసి పోల్చడం తిరుగులేని పరీక్ష. రెండు చోట్లా సర్వరు అడ్రసుకు వేర్వేరు హార్డ్‌వేరు అడ్రసులు ఉన్నచో దొంగ దొరికినట్లే. ఆ అడ్రసులోని మొదటి మూడు బైట్లు తయారీదారును తెలుపుతాయి కనుక అది ప్రింటరో, కెమెరా పరికరమో ఊహించవచ్చు. విండోస్ కూడా తనకు తెలిసినప్పుడు ఈ సంఘర్షణను ఈవెంట్ వ్యూయరులో 4199 సంఖ్యతో నమోదు చేస్తుంది.

అడ్రసులను పంచే డీహెచ్‌సీపీ సర్వరు నెట్‌వర్కులో ఒకటే ఉండాలి. వైర్‌లెస్ కోసమని ఎవరో ఒక చిన్న రూటరు కొని తెచ్చి, దాని లాన్ పోర్టుకు కార్యాలయపు కేబులు తగిలించినచో అది కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. ముందు పలికిన దానినే కంప్యూటరు నమ్ముతుంది. ఈ రోజు సరియైన అడ్రసు, రేపు తప్పు అడ్రసు వస్తుంది. ఆపి మళ్ళీ వేస్తే సర్దుకున్నట్లుంటుంది. అడ్రసు లీజు గడువులో సగం పూర్తికాగానే కంప్యూటరు దానిని పొడిగించమని అడుగుతుంది. విండోస్ సర్వరులో మామూలుగా ఉండే 8 రోజుల లీజుకు అది నాలుగవ రోజు. లోపం నాలుగేసి రోజులకు వస్తున్నదంటే లీజును గుర్తుకు తెచ్చుకోవాలి.

పేర్ల విషయంలో జరిగే తప్పు మరీ సామాన్యమైనది. కంప్యూటరులో మొదటి డీఎన్‌ఎస్‌గా కార్యాలయపు సర్వరును, రెండవదిగా ఇంటర్నెట్ సంస్థవారి దానిని పెడతారు, ఒకటి పోయినా మరొకటి ఆదుకుంటుందన్న ఉద్దేశంతో. కార్యాలయంలోని సర్వరు పేరు బయటి డీఎన్‌ఎస్‌కు తెలియదు. మొదటిది ఒక్కసారి ఆలస్యంగా పలికినచో కంప్యూటరు రెండవదానిని అడగడం మొదలుపెట్టి, అటువంటి పేరే లేదన్న జవాబు తెచ్చుకుంటుంది. ఇంటర్నెట్ మాత్రం చక్కగా వస్తూ ఉంటుంది. పేరుతో తెరుచుకోని సర్వరు ఐపీ అడ్రసుతో తెరుచుకున్నచో ఇదే కారణం.

సర్వరే కారణమైనప్పుడు

చిన్న కార్యాలయాలలో సర్వరు అని పిలిచేది తరచుగా మామూలు విండోస్ కంప్యూటరే. దీనికొక పరిమితి ఉన్నది. విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఏకకాలంలో 10 కంప్యూటర్లకు మాత్రమే దస్త్రాలను పంచేది, హోమ్ రకం 5 కంప్యూటర్లకు. విండోస్ 7 నుండి ఈ సంఖ్య 20. దీనికి తోడు విండోస్‌లో మరొక ఏర్పాటు ఉన్నది: 15 నిమిషాలు ఏ పనీ జరగని సెషనును సర్వరు మూసివేస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు జరిగేది చూడదగ్గది. 21వ కంప్యూటరు ఉదయం తిరస్కరింపబడుతుంది. పావుగంట తరువాత ఎవరో టీ త్రాగడానికి లేవగా ఆ ఖాళీలో అది కలుస్తుంది. తిరిగి వచ్చినవారికి ఇప్పుడు సర్వరు దొరకదు. ఒక్కొక్క రోజు ఒక్కొక్కరికి ఫిర్యాదు. కేబుళ్ళన్నీ మార్చినా ఇది పోదు. విండోస్ సర్వరు రకానికి మారడమో, ఆండ్రూ ట్రిజెల్ 1992లో ప్రారంభించిన సాంబా ప్రోగ్రాముతో లినక్స్ సర్వరును అమర్చుకోవడమో చేయాలి.

పరిమితికి లోబడి ఉన్నచోట కూడా ఆ 15 నిమిషాల ఏర్పాటు వలన మ్యాప్ చేసిన డ్రైవు మీద ఎర్రని గుర్తు కనిపిస్తుంది. దాని మీద నొక్కితే మళ్ళీ తెరుచుకుంటుంది కనుక సాధారణంగా ఇది లోపం కాదు. తనంతట తాను తిరిగి కలవడం తెలియని పాత ప్రోగ్రాములకు మాత్రం ఇబ్బందే. అప్పుడు సర్వరులో ఆ గడువును పెంచడం లేదా తొలగించడం చేయవచ్చు.

కరెంటు ఆదా కోసం లాన్ కార్డును ఆపివేసే అనుమతి డివైస్ మేనేజరులో ఉంటుంది. సర్వరుగా వాడే యంత్రంలో దీనిని, స్లీప్ ఏర్పాటును తొలగించాలి. మధ్యాహ్నం యాంటీవైరస్ స్కాను, సాయంత్రం బ్యాకప్ నడుస్తున్నప్పుడు, లేదా హార్డ్ డిస్కు పాడవుతూ ఒకే చోటును పదేపదే చదవబోతున్నప్పుడు సర్వరు పింగ్‌కు పలుకుతూనే దస్త్రాలను ఇవ్వలేకపోతుంది. డిస్కు విషయమైతే అన్నిటికంటే ముందు బ్యాకప్ తీసుకోవాలి, కారణాల అన్వేషణ తరువాత.

వైరస్‌లు కూడా ఈ వేషం వేస్తాయి. 2003 జనవరి 25న వ్యాపించిన ఎస్‌క్యూఎల్ స్లామర్ 376 బైట్ల చిన్న ప్రోగ్రాము. డిస్కు మీద వ్రాయబడక, జ్ఞాపకంలోనే ఉండి, ఎడతెగకుండా పాకెట్లను వెదజల్లి నెట్‌వర్కును ముంచేది. సర్వరును ఆపి మళ్ళీ వేస్తే మాయమయ్యేది, సరిదిద్దే ప్యాచ్ వేయనిచో మళ్ళీ తగులుకునేది. ఆ ప్యాచ్ అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలో విడుదలైనది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ పాస్‌వర్డులను ఊహిస్తూ ప్రయత్నించడం వలన వాడుకరుల ఖాతాలకు తాళాలు పడి, అది కూడా సర్వరు తెగిపోయినట్లే కనిపించేది.

వైర్‌లెస్ మీద సర్వరు

వైర్‌లెస్‌లో తెగడానికి కారణాలు లెక్కలేనన్ని. 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలోనే మైక్రోవేవ్ ఓవెన్ కూడా పనిచేస్తుంది కనుక భోజన వేళ తెగే సంబంధానికి వంటగది కారణం కావచ్చు. ఆ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడదగినవి 1, 6, 11 ఛానళ్ళు. సర్వరును మాత్రం ఎట్టి పరిస్థితిలోను కేబులుతోనే కలపాలి.

దస్త్రాలకు కలిగే హాని

ఫాక్స్‌ప్రో, డీబేస్, యాక్సెస్ వంటివాటితో తయారైన ప్రోగ్రాములలో దస్త్రం సర్వరులో ఉన్నప్పటికీ దానిని వ్రాసేది వాడుకరి కంప్యూటరే. ఒక రసీదు నమోదు కావడానికి అసలు దస్త్రంలోను, దాని ఇండెక్స్ దస్త్రంలోను వ్రాయాలి. మొదటిది వ్రాసి రెండవది వ్రాయకముందు సంబంధం తెగినచో రెండింటికీ పొంతన తప్పుతుంది. ఆ రసీదు జాబితాలో కనిపించదు, మొత్తంలో కలుస్తుంది. లేదా దస్త్రం అసలు తెరుచుకోదు. ఇటువంటి పొరపాటు సంవత్సరాంతపు లెక్కల వరకు బయటపడకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వరు వంటివాటిలో వ్రాసే పని సర్వరులోనే జరుగుతుంది. ట్రాన్సాక్షన్‌లను సక్రమంగా వాడినచో, మధ్యలో తెగిన నమోదును అది పూర్తిగా రద్దు చేస్తుంది గాని సగం వ్రాసి ఊరుకోదు. పాత పద్ధతి ప్రోగ్రాములు నడుపుతున్నచోట లోపం దొరికేంత వరకు రోజుకు రెండుసార్లు బ్యాకప్ తీసుకొని, తెగిన ప్రతిసారీ ఇండెక్స్‌ను తిరిగి నిర్మించుకోవడం క్షేమం.

బాగైనదని ఎప్పుడు అనవచ్చు

వారానికి రెండుసార్లు వచ్చే లోపం మూడు రోజులు రాకపోయినంత మాత్రాన పోయినట్లు కాదు. పట్టికలో రెండు సంఘటనల మధ్య ఉన్న అతి పెద్ద విరామాన్ని చూసుకొని, దానికి కనీసం మూడింతల కాలం నిశ్చింతగా గడిచిన తరువాతనే మరమ్మతు పూర్తయినదని అనుకోవచ్చు. వీలైనచో పాత భాగాన్ని ఒకసారి తిరిగి పెట్టి, లోపం మళ్ళీ వస్తున్నదో లేదో చూడడం మరింత గట్టి నిర్ధారణ. పని ఆగుతుందన్న భయంతో దీనికి చాలా కార్యాలయాలు ఒప్పుకోవు, అది సహజమే. తీసివేసిన కేబులు రెండు ప్లగ్గులనూ వెంటనే కత్తిరించి వేయాలి. లేనిచో చూడడానికి బాగానే ఉన్న ఆ కేబులు సొరుగులోనికి చేరి, కొన్ని నెలలకు కొత్తగా వచ్చిన ఉద్యోగి కంప్యూటరుకు తగిలించబడుతుంది.